బుధవారం షట్టర్

తెల్లవారకముందే ఫుసాయె నానబెట్టిన సోయాగింజల నీళ్లు వంచి, రుబ్బడానికి వేసి, పెద్ద కుండ కింద మంట పెడుతుంది. పాలు పొంగు వచ్చేలోపు వీధి వైపుకు వెళ్లి షట్టర్ ఎత్తుతుంది. సోయాపాలు విరగ్గొట్టి తోఫు చేసి అమ్మే ఈ కొట్టులో కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచీ ఇదే వరస. మొదట్లో ఒంటి చేత్తో ఎత్తేది. మొగుడు పోయాక కూడా ఒంటి చేత్తోనే ఎత్తింది. ఇప్పుడు రెండు చేతులూ చాలడం లేదు. చేపల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద గడ్డపార ఆనించి, కింది అంచును పెకలిస్తే గానీ లేవదు. లేచింది కదా అని ఊరుకుంటే మధ్యాహ్నానికి జానెడు కిందికి జారి ఉంటుంది.

మెకానిక్ వచ్చి చూశాడు. స్ప్రింగు బాగుంది. పట్టాలు బాగున్నాయి. తుప్పు లేదు.

"దీనికి బొమ్మ పడిందమ్మా. నేనేం చెయ్యను" అని టీ తాగి వెళ్లిపోయాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

కనెసాకి రేవులో బొమ్మ పడడం అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పదేళ్ల కిందట టోక్యో నుంచి ఒక యానిమే కంపెనీ వాళ్లు వచ్చి మా వీధికి ఫొటోలు తీసుకుని వెళ్లారు. వాటిని చూసి బొమ్మలు గీశారు. ఆ బొమ్మల్లో ఇసోకా అనే పదహారేళ్ల పిల్లను, ఒక పడవవాడి కూతురిని, నడిపించారు. టీవీలో పన్నెండు వారాలు వచ్చింది. ఆఖరి వారం బడి మూతబడుతుంది, పడవ ఆగిపోతుంది, ఇసోకా సాయంత్రం ఐదింటి ఎండలో మా వీధిలో నడిచి వెళ్లి కనిపించకుండా పోతుంది. తెర మీద ఖాళీ వీధి ఒక్కటే మిగులుతుంది. దాన్ని చూసి దేశమంతా ఏడ్చింది. ఏడ్చినవాళ్లు రైళ్లెక్కి, పడవలెక్కి మా రేవుకు యాత్రకు రావడం మొదలుపెట్టారు. ఫోనులో ఆ బొమ్మ పెట్టుకుని, ఇంటి చూరుకు చూరు, స్తంభానికి స్తంభం సరిపోయేదాకా ముందుకూ వెనక్కీ జరిగి, అచ్చు అలాగే ఫొటో తీసుకుని వెళ్తారు. వచ్చిన ప్రతివాడూ తీస్తాడు. అలా తీయగా తీయగా ఊరు బొమ్మకు దగ్గరపడింది.

మొదట రేవు పిల్లికి తోక చివర తెల్లబడింది, బొమ్మలో అలా ఉంది కాబట్టి. క్షౌరశాల ముందు చారల గొట్టం తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరగసాగింది. ఆసుపత్రి పెరట్లో పిడికిలంత కాయలు కాసే పర్సిమన్ చెట్టును గీసినవాడు మరిచిపోయాడు. ఆ చెట్టు ఎండి, ఒక చలికాలానికి మాను కూడా లేకుండా పోయింది. డాక్టరు ఆ ఖాళీలో సైకిలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. జనం అలవాటుపడ్డారు. వ్యాపారం సాగుతున్నప్పుడు జనం దేనికైనా అలవాటుపడతారు.

గెంజో విషయంలోనూ అలాగే అలవాటుపడ్డారు. గెంజో పడవల దగ్గర ఎండు కటిల్ చేపలు అమ్మే ముసలాయన. బొమ్మలో ఆయన లేడు. యాత్రికులు మర్యాదస్తులు, ఒక్కరూ గొంతు పెంచరు. "తాతగారూ, క్షమించాలి, కొంచెం పక్కకు జరుగుతారా" అని నడుం వంచి అడుగుతారు. ఆయన జరిగేవాడు. మళ్లీ ఇంకొకరు. మళ్లీ జరిగేవాడు. పోయినేడు ఆయన చెవుల గుండా ఎండ కనబడసాగింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన లేడు, చేపలు ఆరేసే తీగా లేదు, ఆయన కూర్చునే పీటా లేదు. ఊరివాళ్లు అగరొత్తులు వెలిగించారు. వర్తక సంఘం అధ్యక్షుడు సుగిమోరి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అంతే.

ఫుసాయెది వేరే గొడవ. కంపెనీవాళ్లు ఫొటోలు తీసుకోవడానికి వచ్చింది బుధవారం. వీధిలో రద్దీ ఉండదు, బుధవారం రండి అని వాళ్లకు చెప్పిన మహానుభావుడు సుగిమోరి. బుధవారం తోఫు కొట్టుకు సెలవు. అందుకని బొమ్మలో ఫుసాయె షట్టర్ మూసి ఉంది. ఇసోకా మాయమైన చోట, ఖాళీ వీధికి నట్టనడుమ, బూడిదరంగు షట్టర్. దేశమంతా ఏడ్చింది దాన్ని చూసే.

"మూసిన కొట్టు ముందు ఆ పిల్ల మాయమైంది కాబట్టే అంత దుఃఖం మామ్మగారూ" అని కురమోచి ఒకసారి చెప్పాడు.

"సెలవురా బాబూ. ఆ రోజు నేను వేడినీళ్ల స్నానానికి వెళ్లి పీకలదాకా తిన్నాను. ఇందులో దుఃఖం ఏముంది?"

కురమోచి ఒసాకాలో లిఫ్టు సామాన్ల గోదాములో పనిచేస్తాడు. యాభైకి దగ్గరపడుతున్నాడు, పెళ్లి లేదు. నెలకోసారి బుధవారం సెలవు పెట్టి వస్తాడు. భుజానికి తగిలించుకున్న సంచీ మీద పిన్నులతో గుచ్చిన ఇసోకా బిళ్లలు వరసలుగా, ఒకే ముఖం, ఒకే నవ్వు, ఒక్కొక్క దానికీ ప్లాస్టిక్ తొడుగు. వర్షం వస్తే తన తల కంటే ముందు దానికి గొడుగు పడతాడు. ఫొటో తీసుకున్నాక రేవు సత్రంలో పడుకుని, మర్నాడు పొద్దున్నే కొట్టు దగ్గరికి వస్తాడు. జేబులోంచి అరచేతంత ప్లాస్టిక్ పలక మీది ఇసోకా బొమ్మను తీసి తోఫు గిన్నె ముందు నిలబెట్టి, దానికి చూపించాక తింటాడు.

"ఇసోకాకి ఇంకో ముక్క వేయించండి మామ్మగారూ."

"ఆ పిల్ల తినదు, రెండూ నువ్వే తింటావు. అందుకే ఆ పిల్ల పదహారు దగ్గర ఆగింది, నీ పొట్ట ఆగలేదు."

కురమోచి సిగ్గుపడి నవ్వుతాడు. ఫుసాయెకు అతనంటే ఇష్టం. ఆ మాటకొస్తే వాళ్లెవరి మీదా ఆమెకు కోపం లేదు. ఒక బొమ్మపిల్ల కోసం అంత దూరం వచ్చి, చెత్త ఒక్కటి కింద పారేయకుండా, ముసలిదాని సోయాపిప్పి వడలు కొనుక్కుని, వంగి వంగి దణ్ణాలు పెట్టి వెళ్లే మనుషుల మీద కోపం ఎలా వస్తుంది? వాళ్లే గనక దుర్మార్గులైతే చీపురు తిరగేసి తరిమేది. మంచివాళ్లతో యుద్ధం చేయడమే కష్టం.

ఆమెకు ఈ లోకంలో ఇక కావలసింది ఒక్కటే. వచ్చే వసంతంలో కొట్టు మూసేయాలి. మోకాళ్లు అరిగిపోయాయి. మత్సుయామాలో చెల్లెలు యోషినో ఒంటరిగా ఉంది, వచ్చేయమని పోరుతోంది. చివరి రోజు మిగిలిన తోఫు ఊరివాళ్లకు పంచిపెట్టి, వీధిలో నిలబడి, తన చేత్తో షట్టర్ కిందికి దించాలి. దించి, వెనక్కి తిరిగి చూడకుండా పడవ ఎక్కాలి.

దించేది తన చెయ్యే కావాలి. ఇది మొండితనం కాదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆమె చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసింది. కూలి పెంచమన్నందుకు యజమాని ఒక పొద్దున గేటు వేసి తాళం బిగించాడు. ఆడవాళ్లంతా చలికాలమంతా ఆ గేటు ముందు వానలో కూర్చున్నారు. గేటు తెరుచుకోలేదు. ఒకరి గొంతు పోయింది, ఒకరి కడుపులో బిడ్డ పోయింది. ఎదుటివాడు వేసిన తలుపు ముందు నిలబడడం అంటే ఏమిటో ఫుసాయెకు తెలుసు. అందుకే సొంత షట్టర్ చేతికి వచ్చిన రోజున, ఇది మూసేది నేనే అని మనసులో అనుకుంది.

ఆ ఏడు శరదృతువులో ఒక పొద్దున సుగిమోరి వచ్చాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్లు. అతనిది కరెంటు సామాన్ల కొట్టు. ఇప్పుడు బల్బుల కంటే ఇసోకా బిళ్లలే ఎక్కువ అమ్ముతాడు.

"ఫుసాయె, ఇసోకా పుట్టినరోజు వస్తోంది కదా. ఈసారి పదేళ్ల పండగ. కంపెనీవాళ్లు పాత బొమ్మలన్నీ కడిగి కొత్త డిస్కులు తెస్తున్నారట. ఆ రోజు వందల మంది వస్తారు. ఐదింటికి అందరూ కలిసి ఆఖరి బొమ్మ ఫొటో తీస్తారు."

"తీసుకోనీ."

"శుక్రవారం పడింది."

ఫుసాయె తోఫు కోస్తున్న చెయ్యి నీళ్లలోనే ఆగింది. సుగిమోరి పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఆ ఒక్క రోజూ షట్టర్ వేసుకో. నీకు వచ్చే నష్టం సంఘం ఇస్తుంది."

"నెలకు పదిమంది బుధవారం వచ్చి తీస్తేనే దీన్ని గడ్డపారతో ఎత్తుతున్నాను. వందల మంది ఒక్కసారి తీస్తే మర్నాడు లేస్తుందా?"

సుగిమోరి నేల వైపు చూశాడు.

"లేస్తుందా అని అడుగుతున్నాను. గెంజో కూడా నీకు ఓటేసినవాడే."

"ఎలాగూ వసంతంలో మూసేస్తానన్నావుగా. నాలుగు నెలలు ముందు అనుకో."

"మూసేస్తానన్నది నేను. నువ్వు కాదు, ఆ వందల మందీ కాదు. లేచి వెళ్లు, నీ బరువుకు పీట విరిగేలా ఉంది."

అతను వెళ్లిపోయాక ఆమె నీళ్లలోంచి చెయ్యి తీసింది. అరచేతి గుండా తోఫు తెల్లదనం కనబడింది. తడి అనుకుని తువ్వాలుతో తుడిచింది. తువ్వాలు నీలం గళ్లు కూడా కనబడ్డాయి. చెయ్యి దించేసి పనిలో పడింది.

మళ్లీ బుధవారం కురమోచి వచ్చాడు. ఫుసాయె మూసిన షట్టర్ ముందు కుండీలకు నీళ్లు పోస్తోంది. అతను ఎప్పటిలాగే నడుం వంచి, "మామ్మగారూ, క్షమించాలి, కొంచెం పక్కకు..." అని, ఆమె జరగబోతుంటే తనే ఆగాడు. ఫోను దించేశాడు. ఆమె భుజం గుండా షట్టర్ మడతలు కనబడుతున్నాయి.

"ఎన్నిసార్లు జరిపానో మిమ్మల్ని" అన్నాడు మెల్లగా.

"అడిగావు, జరిగాను. పిస్తోలు పెట్టావా ఏమన్నా?"

"శుక్రవారం ఊళ్లో ఉండకండి. మీ చెల్లెలు గారి దగ్గరికి వెళ్లిపోండి. కొట్టు పోయినా మీరు మిగులుతారు."

"గెంజో కూడా మిగలడానికే జరిగాడు. జరిగినకొద్దీ ఏం మిగిలింది?" కుండీలో నీళ్లు పొంగి చెప్పుల మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు. "నువ్వు శుక్రవారం రా. వచ్చి ముందు వరసలో నిలబడు. అంతే నేను నిన్ను అడిగేది."

కురమోచి ఆ రోజు ఫొటో తీయకుండా వెళ్లాడు. పదేళ్లలో అదే మొదటిసారి.

శుక్రవారం తెల్లవారుజామున షట్టర్ అసలు కదల్లేదు. గడ్డపార వంగింది. వేడి పాలకుండ మూత చేతికి తగిలి బొటనవేలు మీద బొబ్బ లేచింది. అయినా తోఫు తీసింది. ఆ తర్వాత లోపలి వైపు నుంచి తోఫు నొక్కే బండరాయి ఎత్తి షట్టర్ కింది అంచును పైకి మొత్తసాగింది. ఆ చప్పుడు వీధంతా వినిపించింది. ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. మధ్యాహ్నానికి జానెడు లేచింది. సాయంత్రానికి నడుమెత్తు లేచింది. తోఫు అచ్చుపెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి కింద దూర్చి ఆనించింది. షట్టర్ ఆ పెట్టెల మీద బరువు మోపి మూలిగింది. ఇంకాస్త ఎత్తడానికి ఆమెలో బలం లేదు.

బయట వీధి నిండిపోయింది. చప్పుడు లేని గుంపు. బిళ్లల సంచీలు, పలక బొమ్మలు, ఇసోకా బడి బట్టలు తొడుక్కున్న ఆడపిల్లలు, అవే బట్టలు తొడుక్కున్న మొగవాళ్లు. సుగిమోరి కొట్టు ముందు బల్ల మీద మూడంతస్తుల కేకు. ఐదు కావస్తుండగా ఎండ బొమ్మలోని ఎండ రంగుకు తిరిగింది. మేఘాలు కదలడం మానేశాయి. నీడల అంచులు కత్తితో కోసినట్టయ్యాయి. వందల ఫోన్లు పైకి లేచాయి.

ఫుసాయె నడుం వంచి షట్టర్ కింద నుంచి బయటికి వచ్చింది. ఒంటికి రబ్బరు తొడుగు, కాళ్లకు గంబూట్లు, తలకు గుడ్డ. వీధి నడుమ, సగం లేచిన షట్టర్ ముందు నిటారుగా నిలబడింది. ఆమె గుండా లోపలి దీపం కనబడుతోంది.

ఎవరో ఒకరు అడుగుతారులే అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక బడి బట్టల పిల్ల అడగబోయి, నోరు మూసుకుని తల వంచింది. సుగిమోరి కేకు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఫుసాయె, నీకు దణ్ణం పెడతాను. ఎంతెంత దూరం నుంచి వచ్చారు."

"నేను ఇంతకంటే దూరం నుంచి వచ్చాను."

"ఎండ వెళ్లిపోతుంది."

"పోనీ."

ఆమె జరగలేదు. వానలో గేటు ముందు కూర్చున్న మనిషికి ఎండలో నిలబడడం ఒక లెక్కా? చూరు నీడ ఆమె బూట్ల దాకా పాకింది. ముందు వరసలో కురమోచి ఒక్కడే ఫోను ఇంకా పైకి పట్టుకుని ఉన్నాడు. అతను చూరుకు చూరు, స్తంభానికి స్తంభం సరిచూశాడు. నడుమ ఫుసాయెను చూశాడు.

"మామ్మగారూ, అలాగే ఉండండి" అన్నాడు. నొక్కాడు.

పక్కన ఉన్న పిల్ల అతన్ని చూసి తనూ నొక్కింది. దాని వెనకవాడు నొక్కాడు. ఆ తర్వాత వీధంతా వడగళ్లు పడ్డట్టు టకటకమంది. ఫుసాయెకు చేతివేళ్ల నుంచి భుజాల దాకా ఏదో చిక్కబడినట్టనిపించింది, తోఫు కోసం చేదు ఉప్పునీళ్లు పోశాక పాలు విరిగి గట్టిపడినట్టు. చెయ్యి ఎత్తి చూసుకుంది. అరచెయ్యి గుండా ఏమీ కనబడలేదు. మంచి, బరువైన, ముడతల చెయ్యి. బొబ్బ కూడా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె షట్టర్ దగ్గరికి వెళ్లింది. అచ్చుపెట్టెలు లాగేసింది. షట్టర్ పడలేదు. నడుమెత్తున నిలబడి ఉంది. గెలిచాననుకుని, ఎవరూ లేని కొట్టులో గట్టిగా నవ్వింది. కాసేపటికి దాన్ని పూర్తిగా ఎత్తుదామని చూసింది. ఎత్తు పెరగలేదు. సరే, కొన్నాళ్లు అందరూ వంగి వస్తారు అనుకుంది. ఊరివాళ్లు వంగి వచ్చారు, వంగి వెళ్లారు. "బొమ్మ పడింది" అన్నారు, తోఫు పట్టుకెళ్లారు.

చలికాలం వచ్చింది. బొటనవేలి బొబ్బ చితకలేదు, ఎండలేదు. జుట్టు పెరగలేదు. మోకాళ్ల నొప్పి తగ్గలేదు, హెచ్చలేదు కూడా. రోజూ ఐదింటికి, ఏ పనిలో ఉన్నా, ఆమె వీధిలోకి వచ్చి షట్టర్ ముందు కాసేపు నిలబడేది. గాలి కోసం అనుకునేది.

కొత్త డిస్కులు వచ్చాయి. కురమోచి ఒకటి తెచ్చి లోపలి గదిలో టీవీలో పెట్టాడు. ఆఖరి బొమ్మ వచ్చింది. ఇసోకా నడిచి వెళ్లింది. ఖాళీ వీధి ఖాళీగా లేదు. సగం లేచిన షట్టర్ ముందు, తలగుడ్డ కట్టుకుని రబ్బరు తొడుగు వేసుకున్న ఒక ముసలావిడ నిలబడి ఉంది.

"దీన్ని ఎవరు గీశారు?" అంది ఫుసాయె.

"ఎవరు గీశారంటే, వాళ్లే. కంపెనీవాళ్లు." కురమోచి కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఎప్పుడు చూసినా ఇక్కడే ఏడుపొస్తుంది నాకు. పిల్ల వెళ్లిపోతుంది, మీరు మిగిలిపోతారు."

"నేను ఇందులో లేను కదా బాబూ. మూసిన షట్టర్ కదా. పక్కకు జరగమని నువ్వే అడిగేవాడివి."

అతను ఆమె వైపు అమాయకంగా చూశాడు.

"మిమ్మల్ని జరగమనడం ఏమిటి మామ్మగారూ? మొదటి నుంచీ ఉన్నారుగా. మీకోసమేగా నేను వచ్చేది."

అతని సంచీ మీద ఇసోకా బిళ్లల వరసల నడుమ ఒక కొత్త బిళ్ల ఉంది. తలగుడ్డ, ముడతలు. దానికీ ప్లాస్టిక్ తొడుగు.

వసంతం వచ్చింది. అనుకున్న రోజు ఫుసాయె మిగిలిన తోఫు పంచిపెట్టింది. కుండలు కడిగి బోర్లించింది. బట్టలు సంచీలో సర్దుకుని, వీధిలో నిలబడి, షట్టర్ అంచు రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. అది రాలేదు. ఆమె దానికి వేలాడింది. సుగిమోరి వచ్చి తనూ లాగాడు. ఇద్దరు ముసలివాళ్లు చాలాసేపు వేలాడారు.

"పోనీ, తెరిచే వెళ్లు. దొంగలేం తీసుకెళ్తారు, కుండలేగా" అన్నాడు సుగిమోరి. అతని కళ్లలో నీళ్లున్నాయి, అవి అబద్ధపు నీళ్లు కావు.

మూడింటి పడవెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. గాలి చల్లగా ఉంది. ఐదు కావస్తుండగా అవతలి ఒడ్డున చెల్లెలు యోషినో ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడి ఉండడం కనబడింది. ఫుసాయె చెయ్యి ఊపింది. యోషినో కూడా ఊపింది.

ఊపిన చెయ్యి దించేసరికి ఎదురుగా క్షౌరశాల గొట్టం తప్పు వైపు తిరుగుతోంది. ఒంటి మీద రబ్బరు తొడుగు ఉంది. వెనక సగం లేచిన షట్టర్, లోపల వెలుగుతున్న దీపం. ఎండ ఐదింటి రంగులో ఉంది. సంచీ పడవలోనే ఉండిపోయింది. తోక చివర తెల్లగా ఉన్న పిల్లి ఆమె బూట్లను రాసుకుని వెళ్లింది.

వీధి చివర ఒక పిల్ల ఫోను పట్టుకుని ముందుకూ వెనక్కీ జరుగుతోంది. పదిహేడేళ్లుంటాయి, కొత్తగా యాత్రకు వచ్చినట్టుంది. ఫోను దించి, నడుం వంచి దణ్ణం పెట్టింది.

"మామ్మగారూ, క్షమించాలి. కొంచెం ఎడమకు జరుగుతారా? బొమ్మలో మీరు ఇంకొంచెం ఎడమకు ఉంటారు."

జరగను అని చెప్పడానికి ఫుసాయె నోరు తెరిచింది. ఆ మాట రాకముందే ఆమె కాళ్లు జరిగాయి.